వినైల్ రికార్డులు ఇంట్లోనే కడుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రికార్డును చిన్న తొట్టిలో నిలబెట్టి, చేత్తో తిప్పుతూ కడిగే పరికరాల గురించి ఈ పేజీ. వీటికి కరెంటు అక్కర్లేదు, మోటారు ఉండదు. ముందే ఒక మాట చెప్పాలి. ఏ ద్రావణం కొనాలా అని ఆలోచించే టైములో సగం జాడించడం మీద, ఆరబెట్టడం మీద పెడితే కింద ఉన్న ప్రశ్నల్లో చాలావాటి అవసరమే రాదు.

మాన్యువల్ వాషింగ్ సిస్టమ్ అంటే ఏమేం ఉంటాయి?

సన్నగా, పొడుగ్గా ఉండే ప్లాస్టిక్ తొట్టి ఒకటి. అందులో ఎదురెదురుగా రెండు మెత్తని బ్రష్‌లు. రికార్డును ఆ రెండింటి మధ్య నిలువుగా దించి తిప్పితే రెండు పక్కలూ ఒకేసారి శుభ్రమవుతాయి. రకాల మధ్య తేడా అంతా రికార్డును తిప్పే తీరులోనే ఉంది. 1975 నుంచి వస్తున్న స్పిన్-క్లీన్‌లో రికార్డు అంచు చిన్న రోలర్ల మీద ఆనుతుంది. 7, 10, 12 అంగుళాల రికార్డులకు రోలర్లను వేర్వేరు గాళ్లలోకి మార్చుకోవాలి. జర్మనీకి చెందిన క్నోస్టి డిస్కో-యాంటీస్టాట్‌లోనైతే రికార్డు మధ్యలో రెండు వైపులా బిళ్లలు బిగిస్తారు. అవే ఇరుసుగా పనిచేస్తాయి, లేబుల్‌నూ నీళ్ల నుంచి కాపాడతాయి. రెండూ చేసే పని ఒకటే. లేబుల్ తడుస్తుందేమో అని టెన్షన్ పడేవాళ్లకు రెండోది నయం. గుట్టగా ఉన్న రికార్డులను గబగబా కడగాలంటే మొదటిది చేతికి వాటంగా ఉంటుంది.

పొడి బ్రష్‌తో తుడిస్తే సరిపోదా?

రోజూ పైన పడే దుమ్ముకి సరిపోతుంది. పాట పెట్టే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో ఒక చుట్టు తుడవడం మంచి అలవాటు. కానీ వేలిముద్రల జిడ్డు, పొగ, పాత కాగితపు కవరు నుంచి రాలిన పొడి, ఏళ్ల తరబడి ముల్లు తొక్కి తొక్కి గట్టిపరిచిన మట్టి పొడి బ్రష్‌కి కదలవు. స్టీరియో ఎల్పీ (12 అంగుళాల పెద్ద వినైల్ రికార్డు) గాడిలో తిరిగే గుండ్రటి ముల్లు కొన వ్యాసార్ధం దాదాపు 18 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కన్నా తక్కువ. 20 నిమిషాలు పాడే పక్కలో ఈ గాడిని సాగదీస్తే నాలుగు వందల మీటర్ల పైనే ఉంటుంది. అంత సన్నని చోట జిడ్డుతో అతుక్కున్న మురికిని కరిగించాలి, తేల్చాలి, బయటికి మోసుకుపోవాలి. ఈ మూడూ చేయగలిగేది ద్రావణం కలిసిన నీరే.

ఇంకో సంగతి. మురికి రికార్డును పొడిగా గట్టిగా రుద్దితే స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుట్టి, గాలిలోని దుమ్ము కూడా వచ్చి చేరుతుంది.

కుళాయి నీళ్లు వాడొచ్చా?

తొట్టిలో వద్దు. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు ఆరిపోతుంది, లవణాలు గాడిలోనే ఉండిపోతాయి. పాత బకెట్ లోపల కనిపించే తెల్లటి చారలు అవే. డిస్టిల్డ్ వాటర్ గానీ, డీఅయనైజ్డ్ వాటర్ గానీ వాడండి. ఫిల్టరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు కుళాయి నీళ్లకన్నా మేలే గానీ వాటిలోనూ లవణాలు కొంత మిగులుతాయి. పైగా తాగడానికి అమ్మే నీళ్లలో కొన్నిటికి రుచి కోసం ఖనిజాలు కావాలనే కలుపుతారు.

రికార్డు మరీ మట్టికొట్టుకుపోయి ఉంటే ముందు కుళాయి ధార కింద పైపై మట్టి పోనిచ్చి, తర్వాత తొట్టిలో దించవచ్చు. చివర్లో తగిలే నీళ్లు మాత్రం డిస్టిల్డ్ అయి ఉండాలి.

ద్రావణం ఎంత కలపాలి? నేనే తయారు చేసుకోవచ్చా?

పరికరంతో వచ్చిన ద్రావణమైతే సీసా మీద రాసిన కొలత. అంతకు మించి చుక్క కూడా వద్దు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందనుకోవడం సహజమే. జరిగేది మాత్రం వేరు, నురగ ఎక్కువై జాడించడం కష్టమవుతుంది.

ద్రావణం ఎందుకంటే, ఉత్త నీళ్లు వినైల్ మీద బొట్లుబొట్లుగా నిలుస్తాయి తప్ప గాడి అడుగుకి దిగవు. సర్ఫాక్టెంట్ అనే పదార్థం కొద్దిగా కలిస్తే నీటి తలతన్యత తగ్గి, నీరు సన్నని పొరలా పరుచుకుంటుంది, జిడ్డునీ వదిలిస్తుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డులకు సూచించిన ద్రావణం కూడా ఇలాంటిదే. డీఅయనైజ్డ్ నీటిలో టెర్జిటాల్ అనే సర్ఫాక్టెంట్ చాలా స్వల్పంగా కలుపుతారు. సొంతంగా చేసుకునేవాళ్లు కొందరు ఫోటో ఫిల్ము కడగడానికి వాడే కొడాక్ ఫోటో-ఫ్లో వాడతారు. ఫిల్ముకే 200 వంతుల నీటికి ఒక వంతు కలుపుతారు కాబట్టి, రికార్డులకు ఇంకా తక్కువ చాలు.

గిన్నెలు తోమే లిక్విడ్, షాంపూ, గ్లాస్ క్లీనర్ వద్దు. మురికి వదలదని కాదు. వాటిలోని రంగు, సువాసన, చేతులు మెత్తగా ఉండటానికి కలిపే పదార్థాలు గాడిలో నిలిచిపోతాయి. గ్లాస్ క్లీనర్లలో అమ్మోనియా లాంటివి కూడా ఉండొచ్చు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొచ్చా?

ఈ వాదన ఎప్పటికీ తెగదు. వినైల్ మీద కొద్ది శాతం ఆల్కహాల్ కలిసిన నీరు కాసేపు ఉన్నంత మాత్రాన రికార్డు పాడైన దాఖలా కనిపించదు. జిడ్డు త్వరగా కరుగుతుంది, తడి త్వరగా ఆరుతుంది. నా వరకు మామూలు మురికికి అది అనవసరం. బూజు పట్టినవాటికి, బాగా జిడ్డు ఉన్నవాటికి మాత్రం వాడొచ్చు. వాడేటప్పుడు దగ్గరలో మంట ఉండకూడదు, కిటికీలు తీసి ఉంచాలి. లక్కతో చేసిన పాత 78 ఆర్‌పీఎం రికార్డులకు మాత్రం ఆల్కహాల్ ఒక్క చుక్క కూడా తగలకూడదు. దాని గురించి కింద ఉంది.

కడిగే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా ఎలా?

ముందు అన్నీ సిద్ధం చేసుకోండి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు, రికార్డులు నిలబెట్టే స్టాండు, కొత్త లోపలి కవర్లు, జాడించడానికి వేరే నీళ్లు. తడి రికార్డు చేతిలో పెట్టుకుని గుడ్డ కోసం వెతుక్కోవడం మంచి పని కాదు.

కార్బన్ ఫైబర్ బ్రష్‌తో పైదుమ్ము తీసేయండి. లేకపోతే అదంతా తొట్టిలోకి చేరుతుంది. తొట్టిలో గీత దాకా డిస్టిల్డ్ నీళ్లు పోసి, ద్రావణాన్ని బ్రష్‌ల మీద పడేలా కలపండి. బ్రష్‌లు పూర్తిగా నానాక మాత్రమే రికార్డు దించాలి. నీళ్లు గది వేడిలోనో, గోరువెచ్చగానో ఉంటే చాలు. వేడినీళ్లు పోస్తే వినైల్ వంపు తిరుగుతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం మన చేతిలో ఉండదు.

రెండు అరచేతులతో అంచులు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. మొదటి చుట్టులో రికార్డును గమనించండి: బ్రష్ దాటి పైకి వచ్చిన చోట నీరు పాయలుగా చీలిపోతుంది, జిడ్డున్న చోట్ల వెనక్కి ముడుచుకుంటుంది. రెండు మూడు చుట్లకి ఆ చీలికలు తగ్గి, నల్లటి ఉపరితలం మీద నీరంతా ఒకే పొరలా పరుచుకుంటుంది. తడి ఇప్పుడు గాడిలోకి దిగిందని దానర్థం. అక్కడి నుంచి ఒక వైపుకి మూడు చుట్లు, తర్వాత వెనక్కి మూడు చుట్లు తిప్పండి. మురికిదైతే ఇంకొన్ని. తొందరపడి గిరగిరా తిప్పితే బ్రష్ పోగులు గాడి అడుగుని అందుకోవు, నీళ్లు మాత్రం లేబుల్ మీదికి చిందుతాయి.

రికార్డును నిటారుగా పైకి తీసి, తొట్టి మీదే కొన్ని సెకన్లు పట్టుకోండి. నీరు కారిపోతుంది. ఆ తర్వాత జాడించాలి.

జాడించడం తప్పనిసరా? పరికరంతో వచ్చిన కాగితంలో ఆ మాటే లేదు.

చాలా ద్రావణాల మీద జాడించక్కర్లేదనే రాసి ఉంటుంది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ద్రావణం పలచగా ఉంటే, రికార్డు మరీ మురికిది కాకపోతే, గుడ్డతో తుడిచేసినా బాగానే మోగుతుంది. అయినా జాడించమనే నేను చెప్తాను. తొట్టిలో ఉన్నది మొదటి రికార్డుకి మాత్రమే శుభ్రమైన నీరు. పదో రికార్డు దించేసరికి ముందు తొమ్మిదింటి మురికి కూడా అందులోనే ఉంటుంది. బరువైన రేణువులు అడుగుకి దిగుతాయి గానీ, కరిగిన జిడ్డు, సబ్బు, సన్నని పొడి నీళ్లలోనే తిరుగుతుంటాయి. ఆ నీరు గాడిలో ఆరితే దానితో వచ్చినవన్నీ అక్కడే నిలుస్తాయి. బట్టలు సబ్బునీళ్లలోంచి తీసి జాడించకుండా దండెం మీద ఆరేసినట్టే.

అందరికన్నా సుఖమైన మార్గం రెండో తొట్టి. అందులో ద్రావణం లేని డిస్టిల్డ్ నీళ్లు, వేరే బ్రష్‌లు. మొదటి దాంట్లో కడిగి, రెండో దాంట్లో మూడు నాలుగు చుట్లు తిప్పడమే. రెండో తొట్టి కొనడం దండగ అనిపిస్తే స్ప్రే సీసా చాలు. రికార్డును కొంచెం వాల్చి పట్టుకుని, లేబుల్ మీద పడకుండా, పై నుంచి కిందికి డిస్టిల్డ్ నీళ్లు ధారాళంగా కొట్టండి. కారే నీటిలో నురగ కనిపించడం మానేదాకా ఆపకండి. రెండో పక్క మరిచిపోవద్దు.

ఎలా ఆరబెట్టాలి?

ముందు ఒక గుడ్డతో నీటిని పీల్చండి, రెండో గుడ్డతో తుడవండి. చెయ్యి ఎప్పుడూ గాడి తిరిగే దిక్కునే, విల్లులా వంపు తిరుగుతూ పోవాలి. అడ్డంగా రుద్దకూడదు. గుడ్డలు కొత్తవైతే ఒకసారి ఉతికి వాడండి, ఫాబ్రిక్ కండిషనర్ వేయకుండా. కండిషనర్ వేసిన గుడ్డ రికార్డు మీద మైనం లాంటి పొర వదులుతుంది.

తర్వాత స్టాండు మీద నిలబెట్టి గాలికి వదిలేయండి. గిన్నెలు ఆరబెట్టే స్టాండు కూడా పనికొస్తుంది, దాని కమ్మీలకు రికార్డు అంచు మాత్రమే ఆనితే. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు. ఫ్యాను కింద పెడితే గదిలో దుమ్మంతా తడి రికార్డు మీదికి వస్తుంది. దీపం కింద వాల్చి చూస్తే తడి ఉన్న చోటు మెరుపులో తేడాగా కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే ఇంకో గంట ఆగండి. తడిగా కవర్లోకి తోసిన రికార్డుకి బూజు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

తడిగా ఉండగానే పాట పెట్టొచ్చా? చిటపటలు తగ్గుతాయని విన్నాను.

అప్పటికి తగ్గుతాయి. కానీ నీళ్లూ మిగిలిన మట్టీ కలిసి ముద్దగా తయారైతే ముల్లు దాన్ని గాడి అడుగుకి దట్టిస్తుంది, ఆరాక చప్పుడు ఇంకా పెరుగుతుంది. ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్‌కి కూడా తడి మంచిది కాదు.

లేబుల్ తడిసింది. ఏం చేయాలి?

రుద్దకండి. పొడి గుడ్డతో అద్దండి, ఆరనివ్వండి. వినైల్ రికార్డు లేబుల్‌ను జిగురుతో అంటించరు. రికార్డును అచ్చొత్తేటప్పుడే వేడికి, ఒత్తిడికి దానితో కలిసిపోతుంది. కాబట్టి నాలుగు చుక్కలు పడ్డంత మాత్రాన ఊడిరాదు. ముదురు రంగు సిరా ఉన్న పాత లేబుళ్లు మాత్రం రంగు దిగొచ్చు. వాటి మీద పెన్నుతో రాసిన పేర్లు, తేదీలు ఇంకా తేలిగ్గా పోతాయి. అలాంటివాటికి లేబుల్ మూసే బిళ్లలు వాడటం మేలు.

78 ఆర్‌పీఎం రికార్డులు ఇందులో కడగొచ్చా?

ఆల్కహాల్ లేని ద్రావణంతో, త్వరగా అయితే కడగొచ్చు. 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో అధిక భాగం లక్కతో చేసినవి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆల్కహాల్ తగిలిన చోట మెరుపు పోయి, గాడి గరుకు తేలుతుంది, పోయిన మెరుపు మళ్లీ రాదు. సీసా మీద ఉన్న పదార్థాల జాబితా చదవకుండా 78ని ముంచకండి.

నీళ్లలో నానబెట్టడం కూడా వద్దు. రెండు మూడు చుట్లు తిప్పి, వెంటనే తీసి, జాడించి, తుడిచేయండి. పగులు ఉన్నదాన్ని అసలు ముంచొద్దు, పగులులోంచి నీరు లోపలి పొరల్లోకి దిగుతుంది. బ్రష్‌లు కూడా 78లకు విడిగా ఉంచుకోండి. పాత ఉక్కు ముళ్లు అరిగి రాల్చిన పొడి వాటి గాడుల్లో ఉంటుంది, ఆ పొడి అంటిన బ్రష్‌ని ఎల్పీ మీదికి తేవడం ఎందుకు?

తొట్టిలో అస్సలు పెట్టకూడనివి ఏవి?

స్టూడియోల్లో, రేడియో స్టేషన్లలో అప్పటికప్పుడు కోసిన లాకర్ డిస్కులు మొదటివి. వీటినే అసిటేట్లు అని కూడా అంటారు. అల్యూమినియం, గాజు, లేదా అట్ట మీద నైట్రోసెల్యులోజ్ పూత వేసి చేస్తారు. మధ్య రంధ్రం అంచు దగ్గర లోహం మెరుస్తుందేమో చూడండి. కొన్నిటికి లేబుల్ దగ్గర అదనపు రంధ్రం కూడా ఉంటుంది. పైన తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు కాకపోవచ్చు, పూతలోంచి బయటికొచ్చిన ఫ్యాటీ ఆమ్లం కావచ్చు. పూత పెళుసుబారి రేకులుగా లేచిపోతుంది. పైగా అలాంటి డిస్కుకి చాలాసార్లు రెండో ప్రతి ఉండదు. భద్రపరిచే పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఎడిసన్ డైమండ్ డిస్కులు రెండో రకం. 1912 నుంచి 1929 దాకా వచ్చిన ఈ రికార్డులు పావు అంగుళం మందంగా, బరువుగా ఉంటాయి. తేమ తగిలితే లోపలి భాగం ఉబ్బి పై పొర లేచిపోతుంది. అట్ట మీద పలచటి పూత వేసిన పోస్టుకార్డు రికార్డులు కూడా ముంచకూడదు. పలచటి ఫ్లెక్సీ డిస్కులు నీళ్లకు పాడుకావు గానీ తొట్టిలో నిలబడవు, బల్ల మీద పరిచి గుడ్డతో తుడుచుకోవాలి.

కొత్త రికార్డుని కూడా కడగాలా?

సీలు తీసిన రికార్డు మీద కాగితపు పొడి, స్టాటిక్ మామూలే. బ్రష్‌తో తుడిచి వినండి. నిశ్శబ్దంగా ఉంటే వదిలేయండి, చిటపటలుంటే కడగండి.

కడిగినా చిటపటలు పోలేదు. తప్పెక్కడ?

చప్పుడు ఎలా వస్తోందో వింటే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

ఒకే తీరుగా, లెక్క తప్పకుండా టక్, టక్ అంటుంటే అది గీత. 33⅓ ఆర్‌పీఎం మీద ఒక చుట్టుకి 1.8 సెకన్లు పడుతుంది. 45 మీద 1.33 సెకన్లు. టక్‌కీ టక్‌కీ మధ్య సరిగ్గా అంత వ్యవధి ఉంటే ముల్లు ప్రతి చుట్టులోనూ ఒకే గీతను దాటుతోందన్నమాట. కడిగితే గీతలు పోవు. అయితే ఒక్కోసారి అది గీత కాదు, అంటుకుపోయిన మట్టి పెళ్ల అయి ఉంటుంది. దీపం కింద చూడండి. ఉపరితలం మీద ఉబ్బుగా కనిపిస్తే ఆ చోట తడి గుడ్డ కాసేపు ఉంచి మళ్లీ కడగండి. గోరుతో గీకొద్దు.

లెక్కాపత్రం లేకుండా ఎక్కడపడితే అక్కడ చిటపటలాడుతుంటే మురికో, స్టాటికో. రెండోసారి కడిగి, బాగా జాడిస్తే తగ్గాలి. చలికాలంలో పొడిగాలి ఉన్న గదుల్లో స్టాటిక్ ఎక్కువ.

పాట గట్టిగా అందుకున్నప్పుడు, ముఖ్యంగా గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు గరగరలాడి, మెల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటే, పాత అరిగిన ముల్లు ఎప్పుడో గాడి గోడల్ని తినేసింది. దానికి మందు లేదు. అదే గరగర ప్రతి రికార్డు చివరి పాటల్లోనూ వస్తుంటే తప్పు రికార్డులది కాకపోవచ్చు, కార్ట్రిడ్జ్ అమరిక చూపించుకోండి.

కడిగాక చప్పుడు పెరిగిందేమిటి?

చాలాసార్లు కారణం జాడించకపోవడమే. వదిలిన మురికి బయటికి పోకుండా గాడిలోనే ఆరిపోయింది. ఒక పక్క పాడాక ముల్లు కొనకి బూడిదరంగు దూది లాంటిది అంటుకుంటే ఇదే జరిగిందనుకోవచ్చు. ముల్లుని చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకి మాత్రమే తుడవండి. రికార్డును ద్రావణం లేని శుభ్రమైన నీటిలో మళ్లీ తిప్పండి.

బూజు పట్టిన రికార్డుల సంగతి?

విడిగా, అన్నిటికన్నా చివర కడగండి. మాస్కు పెట్టుకుని, ఆరుబయటో, కిటికీ దగ్గరో ముందు తడిగుడ్డతో బూజు తీసేయాలి. పొడిగా తుడిస్తే బీజాలు గాలిలోకి లేస్తాయి. లోపలి కవరు పారేయండి. వినైల్ అయితే ద్రావణంలో కొంచెం ఐసోప్రొపైల్ కలపడం ఇక్కడ సమంజసమే. అయ్యాక నీళ్లు పారబోసి, తొట్టినీ బ్రష్‌లనూ బాగా కడిగి ఆరబెట్టండి. బూజు ఎక్కువ కాలం ఉన్న చోట గాడి ఉపరితలం మీద మచ్చలు మిగలొచ్చు, సన్నని హోరు కూడా.

ఒకసారి పోసిన నీళ్లు ఎన్ని రికార్డులకు వస్తాయి? దాచుకోవచ్చా?

కాస్త శుభ్రమైనవైతే ఇరవై దాకా. మురికివైతే అయిదారుకే నీళ్లు మసకబారతాయి. అడుగున నల్లటి నలకలు, నూగు పోగులు పేరుకోవడం కంటికే కనిపిస్తుంది, అప్పుడు లెక్క చూసుకోకుండా మార్చేయండి. అన్నిటికన్నా శుభ్రమైన రికార్డుతో మొదలుపెట్టి మురికివాటి వైపు వెళ్లండి.

క్నోస్టి లాంటివి ద్రావణాన్ని వడకట్టి తిరిగి సీసాలో పోసుకునే వీలు ఇస్తాయి. వడపోతలో నలకలు ఆగుతాయి, కరిగిన జిడ్డు ఆగదు. నేనైతే దాచను. నిలవ ఉన్న నీళ్లలో నాచు, సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి.

బ్రష్‌లు ఎప్పుడు మార్చాలి?

పోగులు ఒక వైపుకి వాలిపోయి రికార్డుని తాకీతాకనట్టు ఉంటే మార్చేయండి. ప్రతి విడత తర్వాత ధార కింద కడిగి, చివరగా డిస్టిల్డ్ నీళ్లు పోసి, పోగులు కిందికి ఉండేలా ఆరబెడితే చాలాకాలం వస్తాయి.

వాక్యూమ్, అల్ట్రాసోనిక్ మెషీన్లు ఇంతకన్నా మేలా?

మేలే. వాక్యూమ్ మెషీన్ మురికినీళ్లను ఆరేలోపే గాడిలోంచి పీల్చేస్తుంది. చేత్తో చేసే పద్ధతిలో బలహీనమైన చోటు సరిగ్గా అదే. అల్ట్రాసోనిక్ తొట్టిలో సెకనుకి వేల కంపనాలతో పుట్టి పగిలే సన్నని బుడగలు బ్రష్ చేరని చోటికి చేరతాయి. అందులో నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి ఉష్ణోగ్రత కనిపెట్టుకోవాలి. ధర, చప్పుడు, పెట్టుకునే చోటు లెక్కేసుకుంటే, నూరూ నూటయాభై రికార్డులున్న ఇంటికి రెండు తొట్ల పద్ధతి చాలని నా అభిప్రాయం.

వుడ్ గ్లూ పూసి పొరలా ఒలిచేస్తే బ్రహ్మాండంగా ఉంటుందంటున్నారు?

పనిచేసినప్పుడు బాగానే పనిచేస్తుంది. పొర మధ్యలో తెగిందంటే ఆ ముక్క గాడిలోంచి తీయడం నరకం. లక్క రికార్డుల మీద, లాకర్ డిస్కుల మీద వద్దే వద్దు.

కడిగిన రికార్డుని పాత కవర్లోనే పెట్టొచ్చా?

లోపలి కవరు మార్చండి. పాత కాగితంలో ఉన్న పొడి, గరుకు మళ్లీ అంటుకుంటాయి. పాలిథీన్ పొర ఉన్న యాంటీస్టాటిక్ కవర్లు తీసుకోండి. మెత్తటి పారదర్శక పీవీసీ కవర్లకు మాత్రం దూరంగా ఉండండి, వాటిలోంచి వచ్చే ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే పదార్థం) రికార్డు మీద మసక పొరగా దిగుతుంది. పాటల వివరాలు అచ్చేసిన పాత కవరుంటే పారేయకుండా దాన్ని రికార్డు పక్కన బయటి అట్టలోనే ఉంచుకోవచ్చు.

ఎన్నాళ్లకోసారి కడగాలి?

క్యాలెండరు చూసి కడగక్కర్లేదు. పాతది కొని తెచ్చినప్పుడు ఒకసారి, శ్రద్ధగా. ఆ తర్వాత కొత్త కవర్లో ఉండి, అంచులు పట్టుకునే తీసేవాళ్ల చేతుల్లో ఉంటే ఏళ్ల తరబడి పొడి బ్రష్‌తో గడిచిపోతుంది. ఎవరైనా వేళ్లు పెడితేనో, ఏదైనా ఒలికితేనో, పాట మధ్యలో చిటపటలు కొత్తగా మొదలైతేనో మళ్లీ తొట్టి తీయండి.